సగం ధర బుట్ట

“ఆగండాగండి! అవి పారెయ్యకండి!”

ఆ కేకకి కూరగాయల కొట్టతను చెత్తడబ్బా మీద చెయ్యి అలాగే ఆపేసి వెనక్కి తిరిగాడు. చేతిలో కాలీఫ్లవర్ కాడలూ ఆకులూ ఉన్నాయి. ఎదురుగా, భుజాన గుడ్డసంచీ, మెడలో కొలతల టేపుతో ఒక అమ్మాయి రొప్పుతూ నిలబడింది. పక్కవీధిలో దర్జీ షాపులో పనిచేసే అమ్మాయని టేపు చూస్తేనే తెలుస్తోంది.

“ఇవా? వీటినేం చేస్తారు?” అని నవ్వాడు. “ఇంట్లో కుందేలుందా?”

“కుందేలు లేదు. నానమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, చెల్లెలుంది, నేనున్నాను.”

అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

“పీచు తీసి సన్నగా తరిగి, చివర్లో రెండు గుడ్లు కొట్టి కలిపితే నలుగురికీ కూర,” అంది ఆ అమ్మాయి, కాడలు అతని చేతిలోంచి లాక్కుని సంచిలో వేసుకుంటూ. “అసలు పువ్వు కంటే కాడే రుచి. పొద్దస్తమానం కూరగాయల మధ్య కూర్చుంటారు, ఆ మాత్రం తెలీదా?”

“తెలీదండి. నాకు టీ పెట్టడం కూడా రాదు. రెండు పూటలా బేకరీ రొట్టే.”

“ఇన్ని కూరగాయలు పెట్టుకుని రొట్టె తింటారా!” అంది, మహాపాపం చూసినట్టు. విసవిసా వెళ్ళిపోయింది.

ఆ కళ్ళలో కోపం ఎక్కువో జాలి ఎక్కువో తేల్చుకోలేక అతను ఆ పూట ఒకరికి కిలో బంగాళాదుంపలకి బదులు కిలో ఉల్లిపాయలు తూచాడు.

ఆ మార్కెట్లో ఒక పద్ధతుంది. సాయంత్రం ఆరు దాటాక ప్రతి కొట్టు ముందూ ఒక బుట్ట దిగుతుంది. దెబ్బ తగిలినవీ, వంకరపోయినవీ, మచ్చపడినవీ అందులో సగం ధరకే వస్తాయి. దర్జీ అమ్మాయికి పని అయ్యేది కూడా ఆరింటికే. ఆ మర్నాటి నుంచి ఆమె నేరుగా ఇతని బుట్ట దగ్గరికే రావడం మొదలుపెట్టింది.

వస్తే ఊరికే ఏరుకుని వెళ్ళే రకం కాదు. టమాటాని వెలుతురుకి ఎత్తి చూసేది. వంకాయ తొడిమ గిల్లేది. చిక్కుడుకాయని చెవి దగ్గర విరిచి చప్పుడు వినేది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, సరుకు పాసయినట్టేనా?” అనేవాడు అతను.

“ఈ బీట్‌రూట్ ఫెయిల్. మిగతావి జస్ట్ పాస్,” అనేది, పెదవి చివర నవ్వు దాచుకుంటూ.

అలా నవ్వులాటల మధ్యే ఆమె ఇంటి సంగతులు అతనికి తెలిశాయి. నాన్న గోడలకి రంగులేసే మేస్త్రి. నిచ్చెన మీంచి పడి మోకాలు విరిగి ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఎప్పుడో పోయింది. నానమ్మకి రక్తం తక్కువ, చెల్లెలికి ఎదిగే వయసు. వచ్చేది ఒక్క జీతం. అయినా రోజూ కంచంలో ఒక ఆకుకూర, పప్పో గుడ్డో ఒకటి, రంగున్న కూర ఒకటి ఉండి తీరాలని ఆమె పంతం. రాత్రి నానబెట్టిన శనగ గింజల్ని పొద్దున్నే ఒక్క పొంగు రానిచ్చి, గిన్నెని దుప్పటిలో చుట్టేసి పనికి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి గ్యాస్ ఖర్చు లేకుండా అవి మెత్తగా అయ్యేవి. అతను ఆ దుప్పటి కథ మూడుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాడు. గింజల మీద అంత ఆసక్తి ఎవరికీ ఉండదని ఆమెకీ తెలుసు.

సరిగ్గా అక్కడే అతను ఒక తెలివితక్కువ పని చేశాడు.

ఒక సాయంత్రం ఆమె క్యారెట్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇంకోటి తీసింది. తర్వాత కీరా.

“ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?”

“పొద్దున... లోడు దింపేటప్పుడు.”

“పొద్దున తగిలుంటే ఈపాటికి ఎండి నల్లబడేది. ఇదింకా తడిగా ఉంది. మీ బొటనవేలు చూపించండి.”

అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

“చూపించండంటున్నానా!”

చూపించాడు. గోరు నిండా క్యారెట్ తురుము ఉంది. మంచి సరుకుని గోటితో గిల్లి గాట్లు పెట్టి, సగం ధర బుట్టలో వేస్తున్నాడు మహానుభావుడు.

“ఎన్నాళ్ళనుంచి?”

“పది రోజులు. మీరు మామూలు ధరకి కొనరు, ఊరికే ఇస్తే తీసుకోరు. మరి నేనేం చెయ్యను?”

ఆమె మొహం ఎర్రబడింది. సంచిలో వేసుకున్నవన్నీ ఒక్కొక్కటే తీసి బుట్టలో పెట్టేసింది.

“నేను కొనుక్కోవడానికి వచ్చాను. దానానికి కాదు,” అంది. ఖాళీ సంచిని భుజాన వేసుకుని, మారుమాటకి అవకాశం ఇవ్వకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఐదు రోజులు అటు రాలేదు. రెండు వీధుల అవతల ఇంకో మార్కెట్‌కి నడిచింది. అక్కడ బుట్టలు అప్పటికే ఖాళీ అయ్యేవి. వంట ఆలస్యమయ్యేది. వరసగా మూడో రోజు కూడా బంగాళాదుంపే కనిపించేసరికి చెల్లెలు కంచం వైపు, అక్క మొహం వైపు మార్చి మార్చి చూసి, నోరెత్తకుండా తినేసింది. తనకి బెంగ కూరల గురించి మాత్రమే కాదని ఆమెకి ఆ పూటే అర్థమైంది. ‘ఇన్‌స్పెక్టర్ గారూ’ అన్న పిలుపు వినక ఐదు రోజులైంది మరి.

ఆరో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. దర్జీ షాపు మూసి బయటికి రాగానే, చూరు కింద తడిసి ముద్దయి అతను కనిపించాడు.

“ఏం తేలేదు,” అని రెండు చేతులూ చాపి చూపించాడు. “గోళ్ళు కూడా కత్తిరించుకున్నాను. చూసుకోండి.”

నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. “ఎందుకొచ్చారు?”

“జాలి కాదని చెప్పడానికి. జాలే అయితే బుట్ట దగ్గరికొచ్చే అందరి మీదా కలగాలి కదా? ఒక్క మనిషి కోసం దుకాణంలో కూర్చుని క్యారెట్లు గిల్లుకున్నానంటే, అది వేరే జబ్బండీ.” మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు. “మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకోవాలన్నంత ఇష్టం.”

వాన చప్పుడు ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది ఆమెకి. సరేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నేను వచ్చేస్తే ఆ ఇంట్లో ముగ్గురికి అన్నం ఎవరు పెడతారు?” అంది మెల్లగా. “నా జీతం వాళ్ళకే ఇవ్వచ్చు. కానీ ఆ కాస్త డబ్బుతో ముగ్గురి కడుపూ నింపి, ఒంటికి పట్టే తిండి పెట్టడం నాకు తప్ప ఎవరికీ రాదు. నానమ్మ ఇప్పుడిప్పుడే లేచి నాలుగడుగులు వేస్తోంది. ఒక్క నెల నేను లేకపోతే మళ్ళీ మంచమెక్కుతుంది. మీరు నా కోసం ఆగొద్దు.”

“ఎవరికైనా నేర్పితే?”

“ఎవరికి? టీ పెట్టడం రాని మీకా?”

తల వంచుకుని వానలోకి దిగింది. అక్క కోసం గొడుగు తెచ్చి, స్తంభం చాటున నిలబడిన చెల్లెలు మొత్తం వినేసిందని ఆమెకి తెలియదు.

నాలుగు రోజుల తర్వాత ఇంటి మెట్లెక్కుతుంటే పోపు వాసన వచ్చింది. పక్కింట్లోదనుకుంది. తలుపు తీస్తే అది తన వంటింట్లోదే! నాన్న పొయ్యి ముందు స్టూల్ మీద కూర్చుని, విరిగిన కాలు ఇంకో స్టూల్ మీద చాపుకుని, గరిటె తిప్పుతున్నాడు. నానమ్మ మంచం మీంచి “మంట తగ్గించరా, మాడుతోంది!” అని కేకలు పెడుతోంది. చెల్లెలు కాడల పీచు తీస్తోంది.

“ఇదేంటి నాన్నా! లేవండి, నేను చేస్తాను.”

“కూర్చో,” అన్నాడాయన వెనక్కి తిరక్కుండా. “విరిగింది నా కాలు. చేతులకేమైంది? ఎనిమిది నెలలు ఆ సంగతి నాకూ తట్టలేదు, నువ్వూ తట్టనివ్వలేదు. ముప్ఫై ఏళ్ళు రంగులు కలిపినవాణ్ణి, ఉప్పూ కారం కలపలేనా?”

ఆమెకి ముందు భయమేసింది. తను లేకపోయినా ఈ ఇల్లు నడుస్తుందా? ఆ భయం వెనకే, ఏళ్ళ తరబడి భుజం మీదున్న బరువేదో దిగినట్టయింది. గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది.

“చెల్లి అంతా చెప్పింది,” అన్నాడు నాన్న. “మూడు రోజులుగా, నువ్వు పనికెళ్ళాక, కర్ర పట్టుకుని మార్కెట్‌కి వెళ్తున్నాను. ఆ అబ్బాయి దగ్గర బేరమాడి చూశాను. ఒక్క పైసా తగ్గించడే! నీకు తెలిస్తే కోప్పడతావట. నాకు నచ్చాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాను.”

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో చెప్పులు మూడుసార్లు సర్ది, లోపలికొచ్చాడు. ఆకుకూర, గుడ్లు, గుమ్మడికాయ కూర, అన్నీ నాన్న వంటే. కూరలో ఉప్పు కాస్త ముందుంది. అయినా అతను తలెత్తకుండా తిన్నాడు. ఎన్నాళ్ళకో వేడి అన్నం తింటున్న మనిషి అని చూస్తేనే తెలుస్తోంది.

ఆ ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని అలవాటొకటుంది. గిన్నెలో కూర అడుగంటగానే నానమ్మ “నాకు చాలమ్మా” అంటుంది. నాన్న “నాకూ చాలు” అంటాడు. చెల్లెలు పొట్ట తడుముకుని చూపిస్తుంది. ఒక్కరికీ నిండి ఉండదు. మిగిలింది ఇంకొకరికి దక్కాలని అందరూ ఆడే అబద్ధం అది.

ఆ పూటా వరసగా ముగ్గురూ చాలన్నారు. ఆమె గరిటె పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. అతను ఖాళీ అవుతున్న గిన్నె వైపు చూశాడు, ఇంకా తినని ఆమె కంచం వైపు చూశాడు.

“నాకు చాలండి. కడుపు నిండిపోయింది,” అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎవరూ నేర్పకుండా, మొదటి పూటే, ఈ మనిషి తమ ఇంటి అబద్ధం ఆడేశాడు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. గిన్నెలో ఉన్న కూరని సరిగ్గా సగం చేసి, ఒక సగం అతనికి, ఒక సగం తనకి వడ్డించుకుని, అతని పక్కనే కూర్చుంది.

“నాన్నా,” అంది కంచంలోకి చూస్తూ, “నాకు ఈయనంటే ఇష్టమే.”

అతనికి ముద్ద గొంతులో అడ్డుపడింది. చెల్లెలు చప్పట్లు కొడుతూ మంచినీళ్ళ కోసం పరిగెత్తింది.

“ఆ సంగతి మాకెప్పుడో తెలుసులే,” అంది నానమ్మ. “ముందు కడుపునిండా తినండి ఇద్దరూ.”