పోర్టులో సున్నా వోల్టులు

ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు వాచీల ముసలాయన్ని చంపేశారు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కంటికి బిగించుకున్న భూతద్దం కూడా ఊడలేదు. మెడ మీద సూది దిగిన చోట ఆవగింజంత నల్లమచ్చ.

ఏజెంట్ దుకాణం షట్టర్ సగం దించి లోపలికి వచ్చాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని మెకానిక్ అంటారు. ఈ ఉద్యోగంలోకి రాకముందు చిప్పులకు ప్రోగ్రాములు రాసేవాడు. శవం పక్కనే స్టూలు మీద చీఫ్ కూర్చుని ఉన్నాడు.

"ఈయన వాచీలు బాగుచేసే మనిషి కాడు. పాతికేళ్ళు విదేశీ ముఠాకి సర్క్యూట్లు గీసిచ్చాడు. నిన్న మనసు మారి నాకు ఫోన్ చేశాడు. నేనొచ్చేసరికి ఇదీ సంగతి."

ముసలాయన బూటులో దొరికిన వస్తువును చీఫ్ అతని చేతిలో పెట్టాడు.

"పెన్ డ్రైవా?"

"తాళంచెవి. లోపలి కోడ్ కాపీ కాదు. నీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ వాల్వుల బోర్డుకి దీన్ని గుచ్చితే వాల్వులు లాకైపోతాయి. లేదంటే సరిగ్గా పన్నెండింటికి అన్నీ ఒకేసారి తెరుచుకుని విషవాయువు బయటపడుతుంది. చుట్టూ నాలుగు లక్షల మంది. పక్క వీధిలో పిల్లల ఆసుపత్రి."

"కరెంటు పీకేస్తే?"

"ఆ క్షణమే తెరుచుకుంటాయి. అలా మార్చిపెట్టారు."

"జనాన్ని ఖాళీ చేయిస్తే?"

"గంటన్నరలోనా? మాట వీధి చివరిదాకా వెళ్ళేసరికే పన్నెండవుతుంది."

"నాతో ఎవరొస్తున్నారు సార్?"

చీఫ్ గోడ మీది వాచీల వంక చూశాడు. "ఇప్పటికే ముగ్గుర్ని అక్కడికి పంపాను. ముగ్గురూ ఫోనెత్తడం లేదు. లోపల 'చిలక' అని ఒకావిడ ఉంటుంది. డబుల్ ఏజెంట్. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరికో ఆవిడకే తెలియాలి."

పదకొండు ఇరవై ఐదుకు ఏసీ మెకానిక్ యూనిఫాంలో ఒకడు శుద్ధి కేంద్రం గేటు దాటాడు. సంచిలో ఒక లాప్‌టాప్, ఒక స్క్రూడ్రైవర్. ఆ స్క్రూడ్రైవర్ పిడిలో ఒక వోల్ట్‌మీటరు, ఒకే ఒక్క తూటా. కంట్రోల్ రూము ముందు పచ్చపట్టు స్కార్ఫు కట్టుకున్న ఆవిడ నిలబడి ఉంది. ఆ బూడిదరంగు గోడల మధ్య ఆమె ఒక్కతే రంగుల్లో ఉన్నట్టుంది.

"ఏసీ చప్పుడు చేస్తోందా మేడమ్?"

"చప్పుడు లేదు. చెమటే."

కోడ్ మాటలు సరిపోయాయి. ఆమె అతన్ని లోపలికి లాగి ఇనుపతలుపు గడియ పెట్టింది. ప్యానెల్ తెరిచింది. నడుమ వాల్వులను నడిపే పెద్ద చిప్, దానికి తాళం. పక్కనే గోరంత మైక్రోకంట్రోలర్. యూఎస్‌బీ పోర్టు దాని చేతిలో ఉంటుంది. బయటినుంచి వచ్చినదాన్ని చదివి పెద్ద చిప్‌కి చెప్పడం దాని పని.

మెకానిక్ తాళంచెవి గుచ్చాడు. దాని లైటు వెలగలేదు. మీటరు పెట్టి చూశాడు. సున్నా వోల్టులు.

"పోర్టులో కరెంటే లేదు."

"ఉండదు," అంది చిలక. "ఈ చిన్న చిప్ ముందు హోస్ట్‌గా ఉండేది. కరెంటు ఇచ్చి, 'ఎవరు నువ్వు' అని అడిగేది. ఇప్పుడు డివైస్‌గా ఉంది, అవతలివాళ్ళు అడిగితేనే జవాబిస్తుంది. అటుది ఇటుదాని కోసం, ఇటుది అటుదాని కోసం ఎదురుచూస్తున్నాయి. పలకరించేవాళ్ళు లేరు."

"మార్చిందెవరు?"

"నేనే. పోయిన వారం. ముఠా చెప్పింది, మార్చాను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తిట్టడానికి టైము లేదు. లాప్‌టాప్ తెరిచి సెట్టింగ్స్ ఫైలులో డివైస్ అన్న చోట హోస్ట్ అని రాశాడు.

"పవర్ స్విచ్ సెట్టింగ్ సున్నా చెయ్యండి. ఈ బోర్డులో సున్నా ఇస్తేనే ఆన్," అంది.

ఫైలులో ఒకటి అని ఉంది. ఒకటంటే ఆన్, సున్నా అంటే ఆఫ్. ఇన్నేళ్ళ అనుభవంలో అతను చూసిన బోర్డులన్నీ అంతే. పైగా చెప్పేది ఈవిడ. అతను దాన్ని ముట్టుకోలేదు.

ప్రోగ్రాం చిప్‌లోకి ఎక్కడానికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ ఇద్దరూ తెర మీది గీత జరగడమే చూశారు. ఎక్కింది. మీటరు పెట్టాడు.

సున్నా వోల్టులు.

"చెప్పాను కదండీ!" అందామె. "వాచీల ముసలాయన మా బాబాయి. చిన్నప్పుడు టంకం పట్టడం నేర్పింది ఆయనే. పోర్టు మారిస్తే ఆయన్ని వదిలేస్తామన్నారు. నమ్మి మార్చాను. పొద్దున చంపేశారు. ఇంక నేనెవరి కోసం అబద్ధమాడాలి?"

మెకానిక్ ఒకటి తీసి సున్నా పెట్టాడు. మళ్ళీ ఆరు నిమిషాలు. తన అనుమానం ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో లెక్కవేయకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

"బాధపడ్డాడా?" అని అడిగిందామె.

"లేదు. నిద్రపోయినట్టే ఉన్నాడు." అది నిజమో కాదో అతనికి తెలియదు.

పదకొండు నలభై ఐదు. ఐదు వోల్టులు! తాళంచెవి లైటు వెలిగింది. మూడు సెకన్లు వెలిగి ఆరిపోయింది.

"అయిపోయింది," అంది చిలక. నేల మీద కూలబడింది.

అతనికీ అలాగే అనిపించింది. అయినా చేతులు అలవాటుగా చిప్ రాసిన లాగ్ పైకి జరుపుతూ పోయాయి. వందలకొద్దీ లైన్లు. ఎనిమిది నిమిషాల తర్వాత ఒక చోట ఆగాడు. తాళంచెవి రెండు వందల మిల్లీయాంపుల కరెంటు అడిగింది. హోస్ట్ సెట్టింగ్‌లో వందకు మించి ఇవ్వొద్దని ఉంది. అడిగినంత ఇవ్వలేక చిప్ పోర్టును ఆపేసింది.

"వందే! వందే పెట్టారు!"

"రెండొందల యాభై పెట్టండి. సప్లై తట్టుకుంటుంది," అంది. ఈసారి అతను ఎదురు ప్రశ్న వేయలేదు.

పదకొండు యాభై మూడు దాటింది. గీత జరగడం మొదలైంది.

బయట తలుపు మీద దెబ్బ పడింది. ముఠా పెట్టిన సూపర్‌వైజర్. "ఏసీకి ఇంతసేపేంటి? తలుపు తీయ్!"

చిలక లేచి గడియకు వీపు ఆనించింది. "ఫిల్టర్ విప్పేశాడు, దుమ్ము రేగుతోంది. కాసేపాగు."

నాలుగు నిమిషాలు ఆగాడు. ఆ తర్వాత తలుపులోంచి తూటా వచ్చి ఆమె భుజంలోంచి పోయింది. స్కార్ఫు నల్లబడుతున్నా గడియ వదల్లేదు. మూడో తూటాకు గడియే ఊడింది. సూపర్‌వైజర్ లోపల అడుగుపెట్టాడు. మెకానిక్ స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. తూటా మోకాలికి తగిలి వాడు కుప్పకూలాడు.

గీత చివరికి చేరింది. తాళంచెవి లైటు వెలిగింది. ఒకటి, రెండు, మూడు. ఆరలేదు. పన్నెండుకు రెండు సెకన్లుండగా పైపుల్లో వాల్వులన్నీ టకటకా బిగుసుకున్నాయి.

సాయంత్రం చీఫ్ ఆఫీసులో ఫ్యాను కింద రిపోర్టు రెపరెపలాడుతోంది.

"చిలకని వాళ్ళకి అప్పగిస్తున్నాం," అన్నాడు చీఫ్. "నేను ముందు పంపిన ముగ్గురిలో ఒకడు వాళ్ళ దగ్గర బతికే ఉన్నాడు. మార్పిడి."

"చంపేస్తారు సార్. పోర్టు తెరిపించింది ఆవిడే."

"తెలుసు. రిపోర్టులో మాత్రం నువ్వొక్కడివే ఉన్నావు. సంతకం పెట్టు."

అతను పెట్టలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద, కట్టు కట్టిన భుజంతో ఆమెను కారెక్కించారు. ఆమె పైకి చూడలేదు. కారు కదిలాక అతను సంతకం పెట్టాడు.

మర్నాడు నీటి విభాగానికి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. పదకొండూ ఒకటే మాట: నిన్న పన్నెండు తర్వాత కుళాయి నీళ్ళలో క్లోరిన్ సరిపడా లేదట.