మూడు ఆకురాయి గీతలు

"దీంతో కాల్చాలా సార్, విసిరికొట్టాలా?"

ఫెలీసా అడిగిన తీరుకు మేజర్ ఇలుస్త్రే నవ్వాడు. అతని టేబుల్ మీద పాత పేపరు, దాని మీద ఒక పిస్టల్. దానావ్ ఊళ్లో ఇళ్ల వెనక పాకల్లో, లారీ కమాన్ పట్టీలు కోసి చేసే నాటు సరుకు. సెబు దీవి రహస్య విభాగం ఎవిడెన్స్ గదిలో ఇలాంటివి పెట్టెల నిండా తుప్పు పడుతున్నాయి.

"దొరికిపోతే నీ దగ్గర సర్కారు ఆయుధం ఉండకూడదు. ఇదైతే ఎవరిదో ఎవడూ చెప్పలేడు" అన్నాడు మేజర్. రెండంటే రెండే గుళ్లు ఆమె ముందుకు తోశాడు. "మొదటిది పేలితే నీ అదృష్టం. రెండోదానికి దేవుణ్ణి తలుచుకో."

తన నడుముకున్న విదేశీ పిస్టల్ తీసి చేతిరుమాలుతో తుడుచుకున్నాడు. రోజుకు పదిసార్లు తుడుస్తాడు. దాన్ని కాల్చగా చూసినవాళ్లు ఆఫీసులో ఒక్కరూ లేరు.

మిషన్ చిన్నదే. రేపు మధ్యాహ్నం ఆటు వేళకు దానావ్ పక్క తీరానికి ఒక పడవ వస్తుంది. అందులోని విదేశీ ముఠా మనిషికి నౌకాదళ రేవు మ్యాపు ఎవరో అందిస్తారు. ఆ మ్యాపు తీరం దాటితే మందుపాతరలు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోతుంది. సెలెస్తే అనే మన డబుల్ ఏజెంట్ ఆ ముఠాలో ఉంది, హోటల్లో పాటలు పాడే మనిషి. ఎర్ర గొడుగుతో వచ్చి కోడ్ మాట చెబుతుంది. ఫెలీసా ఎండుచేపలమ్మి వేషంలో ఉండి ఆ మ్యాపును ఆపాలి.

ఫెలీసా పిస్టల్ తిరగేసింది. ట్రిగ్గర్ కింద మూడు ఆకురాయి గీతలు. ఆమె బొటనవేలు వాటి మీదే ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు సార్. బరువు చూస్తున్నా."

అది నాన్న గుర్తు. ఆయన పేరు క్రిస్పులో, దానావ్‌లో నాటు తుపాకులు చేసేవాడు. పదకొండేళ్ల కిందట, కర్ఫ్యూ రోజుల్లో, ఈ విభాగమే ఆయన్ను పట్టుకెళ్లింది. జైల్లో దగ్గి దగ్గి పోయాడు. ఈ ఉద్యోగం కోసం ఫెలీసా అమ్మ ఇంటిపేరు పెట్టుకుంది. దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర 'చేపలవేట' అని రాసింది. ఆ ఒక్క మాట గుర్తొచ్చినప్పుడల్లా తనంటే తనకే అసహ్యం.

ఆ సాయంత్రం పిస్టల్ విప్పి చూస్తుంటే నాన్న మాటలు వినిపించాయి. 'ఇందాయ్' అంటే అక్కడ ఆడపిల్లను ముద్దుగా పిలిచే పిలుపు.

"ఇందాయ్, నా దగ్గర పెద్ద యంత్రాలు లేవు కదా. అందుకే గొట్టాన్ని కదలకుండా చట్రానికే బిగించేస్తా. కదలని గొట్టం గురి తప్పదు. లోపలి ముక్కల మధ్య కాస్త సందు వదిలేస్తా. ఇసుక పడినా దాని దారిన అది పోతుంది. ఖరీదైనవాటికి సందు ఉండదు. కాస్త దుమ్ము పడితే చాలు, కొత్తల్లుడిలా అలుగుతాయి."

అప్పట్లో ఆవలిస్తూ వినేది.

మర్నాడు తీరంలో బుట్ట ముందు కూర్చుంది. అడుగున ఉప్పు, ఇసుక, పిస్టల్. పైన ఎండుచేపలు. ఎర్ర గొడుగు వచ్చి ఆగింది. సెంటు వాసన చేపల వాసనను కూడా ఓడించింది.

"ఇందులో ఇసుకుందా?" అంది సెలెస్తే.

"ఇసుక లేకుండా ఒడ్డున ఏం దొరుకుతుందక్కా?"

కోడ్ సరిపోయింది. సెలెస్తే చేపలు ఏరుతున్నట్టు వంగింది.

"పారిపోవే పిచ్చిదానా. మ్యాపు అమ్మేది మీ మేజరే. నీ తుపాకీ పేలదని మావాళ్లతో చెప్పి పగలబడి నవ్వాడు. నువ్వు చావాలి, లీకు చేసింది నువ్వేనని రాసి ఫైలు మూసెయ్యాలి. అంతే."

ఫెలీసా సాయానికి మనుషుల్ని పిలవడానికని తక్కెడ కింద దాచిన ట్రాన్స్‌మిటర్ నొక్కింది. లైటు వెలగలేదు. బ్యాటరీ ఎవరు తీశారో అడగక్కర్లేదు.

అంతలో తెల్లటి అంగీలో ఒక పాదిరీ నీళ్ల అంచుకు నడిచాడు. చేతిలో బైబిల్. ఒడ్డుకు చేరిన పడవలోని మనిషికి అది అందించి వెనక్కి తిరిగాడు. ఇలుస్త్రే! మ్యాపు ఆ బైబిల్లోనే ఉంది. పడవ మోటారు మోగింది. ఫెలీసా పిస్టల్ తీసి లేచింది. దాన్నుంచి ఇసుక జలజలా రాలింది.

"కాల్చమ్మా, కాల్చు! వాళ్లూ చూసి నవ్వుకుంటారు" అన్నాడు మేజర్, చేతులు కట్టుకుని.

పడవ అప్పటికి యాభై అడుగుల దూరంలో ఉంది. ఫెలీసా ఊపిరి బిగబట్టి కాల్చింది.

మోటారు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. నల్లటి నూనె నీళ్ల మీద పరుచుకుంది. ఒడ్డునున్న జాలరులు తమ నీళ్లు పాడుచేశారని అరుచుకుంటూ పడవ మీద పడ్డారు. మ్యాపు తీరం దాటలేదు.

మేజర్ నవ్వు ఆగింది. అంగీలోంచి విదేశీ పిస్టల్ బయటికి వచ్చింది. సెలెస్తే బుట్ట ఎత్తి ఉప్పూ ఇసుకా అతని మీద కుమ్మరించింది. పిస్టల్ పేలింది. సెలెస్తే కూలిపోయింది. అతను పిస్టల్‌ను ఫెలీసా వైపు తిప్పి మళ్లీ నొక్కాడు. పేలలేదు. పైభాగం ఇసుక పట్టి సగంలో ఇరుక్కుపోయింది. అలవాటు కొద్దీ మేజర్ చెయ్యి రుమాలు కోసం జేబు తడిమింది.

"నా దగ్గర రెండోదుంది సార్" అంది ఫెలీసా. "దేవుణ్ణి మీరే తలుచుకోండి."

గుండు అతని కుడి భుజంలో దిగింది. సరిగ్గా ఆమె గురి పెట్టిన చోటే.

సెలెస్తే తల ఫెలీసా ఒళ్లో ఉంది. రక్తం ఆగడం లేదు.

"ఆ బొమ్మ తుపాకీ... ఎవరు చేశారే?"

పదకొండేళ్లలో మొదటిసారి ఆ మాట నోటికొచ్చింది. "మా నాన్న."

సెలెస్తే విన్నదో లేదో తెలియదు. ఫెలీసా మరోసారి, గట్టిగా చెప్పింది. సెలెస్తే ప్రాణం అప్పటికే పోయింది.

రిపోర్టులో తయారీదారు పేరు దగ్గర ఫెలీసా 'క్రిస్పులో మనులాత్' అని రాసింది. పైఅధికారులు కొట్టేసి 'తెలియదు' అని రాశారు.

మూడు నెలల తర్వాత హెడ్‌క్వార్టర్స్ మైదానంలో బ్యాండు మోగింది. పట్టుబడిన నాటు తుపాకులన్నీ వరసగా పరిచారు. "ఈ నాసిరకం సరుకు కాల్చేవాడికే ప్రమాదం" అని డైరెక్టర్ ఉపన్యసించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫెలీసా కూడా కొట్టింది, నౌకరీ కదా.

రోడ్డు రోలరు ఒకసారి వెళ్లింది. మూడు గీతల పిస్టల్ ఒక్కటి మాత్రం వంగలేదు. రెండోసారి వెళ్లినా అలాగే ఉంది. ఫెలీసాకు కళ్లు చెమర్చాయి.

డైరెక్టర్ గడియారం చూసుకుని విసుక్కున్నాడు. "ఎక్కడిదయ్యా ఈ రోలరు? నాటుదా?"

"కాదు సార్" అంది ఫెలీసా. "విదేశీదే."