పిల్లని ఎటు కట్టుకోవాలి?

"పిల్లని కట్టుకోకపోతే మిమ్మల్ని బోటెక్కనివ్వను."

సిలిండర్ అద్దెకి అడగడానికి వచ్చిన మనిషితో అనాల్సిన మాటేనా ఇది? కెమెరా పెట్టె చేతిలోంచి జారిపోయినంత పనయింది అతనికి. డైవింగ్ షాపులోకి అడుగుపెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు. ఆ మాటన్న అమ్మాయి మాత్రం తలైనా ఎత్తకుండా రబ్బరు వాషర్లు తుడుచుకుంటోంది.

"ఏ పిల్లనండీ?" అన్నాడు గొంతు సవరించుకుని.

ఆమె బల్ల కింద నుంచి మోకాలెత్తు సిలిండర్ ఒకటి తీసి అతని ముందు ఠక్కున పెట్టింది.

"ఇదిగో, ఈ పిల్లని. వీపుకి తగిలించుకునే పెద్దది తల్లి, ఇది పిల్ల. తల్లిలో గాలి అయిపోయినా, తల్లి మొరాయించినా, పైకొచ్చేదాకా పిల్లే ఊపిరిస్తుంది. మునిగిన ఓడ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, పిల్లని కట్టుకునే దిగాలి. మా షాపు రూలు."

"నేను కొత్తవాణ్ణేం కాదండీ. ఇన్నాళ్ళూ తల్లితోనే నెట్టుకొచ్చాను."

"పెద్దయ్యారుగా, ఇకనైనా తల్లి కొంగు వదలండి."

"గాలి అయిపోతే పక్కన జోడీ ఉంటారు కదా?"

"ఫొటోలు తీసేవాళ్ళకి జోడీయా? మీరు చేప వెనకాల పోతారు, మీ జోడీ మీ వెనకాల పోవాలి. వెనక్కి తిరిగి చూసేసరికి ఎవరి దారి వారిదే."

మాటకి మాట అప్పజెప్పే ఈ పిల్లతో గెలిచేదెలా? పైగా అవసరం అతనిది. ఓడ ఫొటోలు తెస్తే ఉద్యోగం ఖాయమని ఒక పత్రికవాళ్ళు మాటిచ్చారు. సముద్రం ఈ వారమే నెమ్మదిగా ఉంటుంది, ఆ తర్వాత అంతా వానలే. ఓడ దాకా తీసుకెళ్ళే బోటు ఈ షాపుదొక్కటే. నోరు మూసుకుని తలూపి, మనసులో మాత్రం ఆ అమ్మాయికి 'రూల్సు' అని పేరు పెట్టేశాడు. ఆమె అతన్ని 'కెమెరా గారు' అంది. అదీ పైకే అంది.

మర్నాడు జెట్టీ పక్కన లోతులేని నీళ్ళలో ప్రాక్టీసు. చేతులు ఖాళీగా ఉంటాయి కదా అని, అతను పిల్లని వీపు మీద తల్లి పక్కనే పట్టీలతో బిగించుకుని దిగాడు. దిగీ దిగగానే కుడి పక్కకి ఒరిగిపోయాడు, ఒక వైపు టైరు పంక్చరైన ఆటోలాగా.

"కెమెరా గారూ, ఇలా తీస్తే ఫొటోలన్నీ వంకరే. చూసేవాళ్ళ మెడలు పట్టేస్తాయి!"

గట్టు మీద నిలబడి పడీ పడీ నవ్వింది రూల్సు. నవ్వు ఆగాక నీళ్ళలోకి దిగి, పట్టీలు విప్పి, పిల్లని తెచ్చి అతని ఎడమ డొక్క పక్కన పెట్టింది.

"పై క్లిప్పు భుజం దగ్గరి రింగుకి. కింది క్లిప్పు నడుం దగ్గరి రింగుకి. నల్ల గొట్టం తల్లిది, పసుపు గొట్టం పిల్లది. దాన్ని ఇలా గుండె మీదికి రానివ్వండి. కళ్ళు కనబడకపోయినా చెయ్యి దానంతటది అక్కడికే పోవాలి."

సన్నగా జల్లు మొదలైంది. ఆమె తల వంచి క్లిప్పు బిగిస్తుంటే తడిసిన జుట్టు అతని గడ్డానికి తగిలింది. ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ అతని చెవికెక్కలేదు.

"ఏం చెప్పాను?"

"పసుపు... భుజం..."

"సరిపోయింది! మళ్ళీ మొదట్నుంచి."

మళ్ళీ మొదట్నుంచి చెబుతుంది కదా అనే అతను మళ్ళీ మర్చిపోయాడు.

"బరువుగా ఉందండీ" అన్నాడు మెట్లెక్కుతూ.

"మోసేది ఈ నాలుగు మెట్ల దాకానే. నీళ్ళలోకి దిగితే పిల్ల బరువు తెలీదు."

ఆ మధ్యాహ్నం తల్లి ఫోన్ చేస్తే అతను హుషారుగా మొదలెట్టాడు.

"అమ్మా, పిల్లని కట్టుకుంటే గానీ ఓడ దగ్గరికి పంపరట."

"ఎవరి పిల్లరా?"

"షాపువాళ్ళదే. అద్దెకిస్తారు."

"అద్దెకా!"

"ఊఁ. మొదట వీపున కట్టుకున్నా, పక్కకి లాగేసింది. ఇప్పుడు పక్కన పెట్టుకుంటే బాగా కుదిరింది. చిన్నదేలే, నా మోకాలెత్తు ఉంటుంది."

అవతల గిన్నె ఏదో కింద పడిన చప్పుడు. పిల్లంటే సిలిండరని చెప్పి ఆమెని కుదుటపరిచేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

"సిలిండరా..." ఆమె నిట్టూర్చింది. "ఒరేయ్, సిలిండరు గురించి చెబుతూ ఎవడూ అంత మురిసిపోడురా. నేను బస్సెక్కి వస్తున్నా."

కన్నతల్లి దగ్గర దాగే గుట్టా అది! ఆ సాయంత్రమే ఎలాగైనా చెప్పేయాలని అతను షాపుకి వెళ్ళాడు. ఆమె తండ్రి, అందరూ పెద్దాయన అని పిలిచే షాపు ఓనరు, మూల కూర్చుని సిలిండర్లకి గాలి పట్టిస్తున్నాడు. అతను గొంతు తగ్గించాడు.

"ఏవండీ... నాకు పిల్ల నచ్చింది. కట్టుకుందామనుకుంటున్నాను."

"అమ్మయ్య! ఇప్పటికి దారికొచ్చారు" అంది ఆమె క్లిప్పుకి నూనె రాస్తూ. "ఎటు కట్టుకుంటారు? ఎడమకా, కుడికా?"

"మీరు ఎటంటే అటే" అన్నాడు నీరుగారిపోయి. మూలనున్న పెద్దాయనకి ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చింది.

ఓడ దగ్గరికి వెళ్ళే రోజు రానే వచ్చింది. దూరాన మబ్బులు పేరుకుంటున్నాయి. సముద్రం నెమ్మదిగా ఉండేది ఇక ఈ ఒక్క పూటే. బోటు నడుపుతున్నది పెద్దాయన.

ఓడ మునిగిన చోటికి చేరాక రూల్సు అతని ముందు నిలబడింది.

"కళ్ళు మూసుకోండి. తల్లిలో గాలి అయిపోయింది. పిల్లని అందుకోండి."

అతను గుండె మీద తడిమాడు. భుజం మీద తడిమాడు. పసుపు గొట్టం ఎక్కడా తగల్లేదు. తగలదు కూడా. ఫొటోలో పడుతోందని తనే దాన్ని వెనక్కి మడిచి దోపేశాడు. దానికి తోడు రెండో చేతి నిండా పెద్ద లైటు తగిలించిన కెమెరా.

"బోటు తిప్పు నాన్నా" అంది ఆమె.

"అదేంటండీ! ఇంకో నిమిషంలో సర్దేసుకుంటాగా!"

"పైన దొరకనిది కింద దొరుకుతుందా? ఇవాళ డైవ్ లేదు."

"మీ రూల్స్ సిలిండర్లకేనా, మనుషులకేం లేవా? ఇవాళ దిగకపోతే నాకు రాబోయే ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీ! ఉద్యోగం ఇంకోటొస్తుంది. నువ్వు పైకి రాకపోతే నేనేమైపోవాలి?"

బోటు ఇంజను ఆగిపోయింది. పెద్దాయనే ఆపాడు. ఇన్నాళ్ళూ వెక్కిరించినా, కసిరినా ఆ నోట 'మీరు' తప్ప ఇంకో మాట రాలేదు. రూల్సుకి ముఖం కందిపోయింది. "అదే... మీరు..." అని ఏదో సర్దబోయి, సర్దలేక, సముద్రం వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అతని కోపమంతా ఎటు పోయిందో. ఈ అమ్మాయిని ఇంతగా భయపెట్టాడా తను? ఉద్యోగం రాకపోయినా అంత బాధ ఉండదనిపించింది. కెమెరాకున్న పెద్ద లైటు ఊడదీసి బోటులో పెట్టాడు.

"ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటా. పిల్లని నువ్వే కట్టు" అన్నాడు.

ఆమె ఇటు తిరిగింది. పసుపు గొట్టాన్ని బయటికి లాగి, గుండె మీద ఉండాల్సిన చోట పెట్టి, రెండు క్లిప్పులూ లాగి చూసింది. ఈసారి కళ్ళు మూసుకోగానే అతని చెయ్యి సరాసరి అక్కడికే వెళ్ళింది.

"లైటు లేకపోతే ఆ చీకట్లో ఫొటోలేం వస్తాయి?" అంది మెల్లగా.

"రాకపోతే మానె."

"ఎందుకు రావు? నేనూ దిగుతా, లైటు నేను పట్టుకుంటా."

కింద ఓడ నాచుపట్టి నిద్రపోతోంది. అతను ఎటు చూస్తే అటు, అడగకుండానే వెలుగు పడింది. విరిగిన కిటికీల్లోంచి చేపల గుంపు దూసుకొచ్చినప్పుడు కూడా అతను వాటి వెంట పోలేదు. తిరిగి చూసిన ప్రతిసారీ ఆమె చెయ్యి చాచితే అందేంత దగ్గరలో ఉంది. పిల్లతో అవసరం పడలేదు. ఫొటోలు అతను ఊహించినదానికంటే బాగా వచ్చాయి.

వాళ్ళు జెట్టీకి చేరేసరికి వాన దంచేస్తోంది. గొడుగు పట్టుకుని అతని తల్లి నిలబడి ఉంది. కొడుకు పక్కన వేలాడుతున్న సిలిండరుని ఎగాదిగా చూసింది.

"దీన్ని చూసుకునేనా ఫోన్లో అంత సంబరపడిపోయావు?"

"సిలిండర్ని చూసి కాదులే చెల్లెమ్మా" అన్నాడు పెద్దాయన, తాడు కట్టేస్తూ.

షాపుకి ఎవరొచ్చినా 'మేడమ్' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. అలాంటివాడు ఈమెని చెల్లెమ్మా అన్నాడంటే, ఈమె కొడుకు అతనికి మేనల్లుడైనట్టేగా? వరస కలిపేశాడు పెద్దాయన! ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా, క్షణంలో అందుకుంది.

"అలాగా అన్నయ్యా! మరి అమ్మాయి ఏమంటుందో?"

"మీ అబ్బాయి నన్నసలు ఏమీ అడగలేదండీ" అంది రూల్సు తల వంచుకుని.

"అడిగాను! మొన్న సాయంత్రం షాపులో..."

"నన్నా? నేను సిలిండరు గురించనుకున్నా!"

పెద్దాయన ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వేశాడు. అతను కెమెరా తల్లి చేతికిచ్చాడు. ముఖం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి మాట అటూ ఇటూ పోకుండా, సూటిగా అడిగాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటా" అంది ఆమె. "ముందు వెళ్ళి ఆ తడి సూటు మార్చుకో, వణికిపోతున్నావు."