ఉప్పు చూడని వంట

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊరింకా పొగమంచులోనే ఉంది. పెరటి గోడకి అవతల టామ్ ఇల్లు ఉందో, రాత్రికి రాత్రి కరిగిపోయిందో తెలియడం లేదు. మేడమీద గదిలో మైథిలి భర్త మహీధర్ షానన్‌లోని తన కంపెనీ ఆన్‌లైన్ మీటింగులో ఉన్నాడు. ఏడేళ్ళ కూతురు నిఖిల రెండో సాక్సు కోసం మంచం కింద వెతుక్కుంటోంది. అత్తగారు నాగరత్నం తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, దేవుడి ముందు కూర్చుంది. ఆవిడ పూజకి సరిగ్గా అరగంట పడుతుంది.

మైథిలికి కావలసింది ఆ అరగంటే.

వంటింటి కిటికీలోంచి నారింజ రంగు వైరు బయటికి వదిలి, దాన్ని గడ్డి మీదుగా పెరటి చివరి షెడ్డు దాకా లాక్కెళ్ళింది. షెడ్డులో గడ్డి కోసే మిషన్ పక్కన, తిరగేసిన డబ్బా మీద స్లో కుకర్ ఉంది. కరోనా పుణ్యమా అని ఇంట్లో చేతి తొడుగులకీ మాస్కులకీ కొదవ లేదు. రెండు మాస్కులు కట్టుకుంది. మాంసం కొట్టువాడు కాగితంలో చుట్టి ఇచ్చిన పొట్లం విప్పి, మొహం పక్కకి తిప్పుకుని ఆ ముక్కని కుకర్‌లోకి జార్చింది. పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టని చేతులవి.

ఉల్లిపాయ, కేరట్, మిరియాలు, బిర్యానీ ఆకు. చేతి అలవాటుకొద్దీ రెండు చెంచాల ఉప్పు. మునిగేదాకా నీళ్ళు. మూత పెట్టి మీట నొక్కింది. ఇక ఎనిమిది గంటలు అదే ఉడుకుతుంది.

ఇదంతా టామ్ కోసం. నిఖిల పుట్టిన రోజు మహీధర్ డబ్లిన్‌లో ఇరుక్కుపోతే, నొప్పులు పడుతున్న మైథిలిని కారులో ఎక్కించుకుని లిమరిక్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది టామ్ భార్య బ్రీడానే. ఆ బ్రీడా ఈ జనవరిలో కరోనాతో పోయింది. అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. మిగతా వీధంతా ఇళ్ళ ముందు వానలో నిలబడి, శవపేటిక ఉన్న కారు వెళ్ళిపోతుంటే చూసింది. ఆ రోజు నుంచి ఎనభై రెండేళ్ళ టామ్ తిండి మానేశాడు. టీ తాగుతాడు, బిస్కెట్లు కొరుకుతాడు. బెల్టుకి ఇప్పటికే రెండు కొత్త చిల్లులు పడ్డాయి.

ఇంటికొచ్చి చూసే నర్సు పోయిన వారమే గోడ దగ్గర మైథిలితో తేల్చి చెప్పేసింది. "గురువారం నేనొచ్చేసరికి ఆయన ఒక్క పూటైనా కడుపునిండా తిన్నాడని నువ్వు నాకు చెప్పగలగాలి. లేదంటే నర్సింగ్ హోముకి రాయక తప్పదు."

ముసలివాళ్ళని ఉంచే నర్సింగ్ హోమంటే ఆ రోజుల్లో అందరికీ తెలుసు. లోపలికి వెళ్ళినవాళ్ళని కిటికీ అద్దంలోంచి చూడాల్సిందే.

మైథిలి పప్పుచారు పెట్టింది, సూప్ పెట్టింది, బంగాళాదుంపలు ఉడికించి పెట్టింది. అన్నీ వెనక్కి వచ్చాయి. చివరికి టామే సిగ్గుపడుతూ అడిగాడు. "పేట్రిక్స్ డే పండక్కి బ్రీడా కార్న్‌డ్ బీఫ్ చేసేది. అదైతే తినగలనేమో." వంటింట్లో బ్రీడా కళ్ళద్దాలు కూడా కదపనివ్వని మనిషి, ఆవిడ స్లో కుకర్‌ని మాత్రం గోడ మీంచి అందించాడు. "ఇది ఇక్కడ ఉడుకుతుంటే నేను చూడలేను," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి మంచు విడిపోయి, గోడ మీద పల్చటి ఎండ పడింది. టామ్ తన పెరట్లో బెంచీ మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. రెండోది పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న జగ్గులోంచి మూడు గ్లాసుల నీళ్ళు వంచుకుని తాగాడు.

"చాలా బాగుంది మైథిలీ. రేపు తింటానులే," అంటూ పళ్ళెం గోడ మీద పెట్టి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మైథిలి కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం తీసుకుని వెనక్కి తిరిగింది. షెడ్డు ముందు నాగరత్నం నిలబడి ఉంది. ఆవిడ చేతిలో నారింజ రంగు వైరు ఉంది.

"ఏవిటమ్మాయ్ ఇది?"

"గడ్డి మిషన్‌కి ఛార్జింగ్ పెట్టానత్తయ్యా."

"ఈ దేశంలో గడ్డి మిషన్‌కి మిరియాలూ, బిర్యానీ ఆకూ కూడా వేస్తారా?"

మైథిలి పళ్ళెం వెనక్కి జరిపింది.

"ఏం మాంసం అది?"

"బీఫ్." తెలుగులో ఆ మాట అనడానికి ఆమెకి నోరు రాలేదు.

నాగరత్నం అక్కడే పెరటి మెట్టు మీద చతికిలబడింది. "మహీ! ఒరేయ్ మహీ!" ఆ కేకకి మహీధర్ మెడలో హెడ్‌సెట్‌తోనే మేడ దిగి వచ్చాడు. వైరుని చూశాడు, కుకర్‌ని చూశాడు, భార్య చేతిలోని పళ్ళెం చూశాడు.

"అమ్మా, నాకేం తెలీదమ్మా!" అన్నాడు ముందుగా. తర్వాత భార్య వైపు తిరిగాడు. "పిచ్చా మైథిలీ నీకు? అమ్మ ఇంట్లో ఉండగా ఈ పనేంటి? చికెన్ అయితే ఏదో..."

"చికెన్ అయితే ఏవిట్రా?" నాగరత్నం అటు తిరిగింది. "కిందటేడు లిమరిక్ వెళ్ళొచ్చినప్పుడల్లా అంత చలిలో కారు అద్దాలు దించుకుని ఎందుకొచ్చేవాడివో నాకు తెలీదనుకున్నావా?"

మహీధర్ మెడలోని హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చాను," అంది ఆవిడ. "ఏడాది దాటింది. విమానాల్లేవు, వెళ్ళే దారి లేదు. మీరు పెట్టింది తిని, చూపించిన మూల పడున్నాను. నేనక్కడ దీపం పెట్టుకుని కూర్చుంటే, ఇక్కడ పాతికడుగుల దూరంలో నువ్వు ఇది ఉడకబెడతావా? నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే వద్దంటారు. మీరు వద్దంటే నేను కాదనలేను. అందుకే చెప్పలేదు." మైథిలికి ఏడుపుతో పాటు కోపం కూడా తన్నుకొచ్చింది. "తప్పే. తిట్టండి. కానీ ఆయనకి గురువారం దాకానే గడువుందత్తయ్యా."

"ఎవరికి? ఏం గడువు?"

సమాధానం గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. నిఖిలకి తెలుగంతా అర్థమవుతుంది గానీ, నోరు తెరిస్తే అక్కడి క్లేర్ జిల్లా యాస ఇంగ్లీషే. "దే ఆర్ టేకింగ్ టామ్ అవే, నానమ్మా! టు ద నర్సింగ్ హోమ్! అండ్ నోబడీ కెన్ హగ్ హిమ్!"

నాగరత్నం కోడలి మొహంలోకి చూసింది. మైథిలి నర్సు చెప్పిందంతా చెప్పింది. నాగరత్నం గోడ వైపే చూస్తూ ఉండిపోయింది.

"మా తమ్ముడు పోయినప్పుడు," అంది చివరికి, "తెనాలిలో దహనం జరుగుతుంటే నేనీ మెట్టు మీదే కూర్చుని ఫోన్లో చూశాను. ఆ బ్రీడా ఆ గోడ దగ్గరే కదే నిలబడింది? జల్లు పడుతుంటే అలాగే నిలబడింది. నేను లేచేదాకా కదల్లేదు."

"అవునత్తయ్యా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పళ్ళెం చూపించు. దగ్గరికి తేకు, అక్కణ్ణుంచే. ఎన్ని ముక్కలు తిన్నాడు?"

"రెండు."

"నీళ్ళు?"

"మూడు గ్లాసులు."

"ఉప్పెంతేశావు?"

"రెండు చెంచాలు. ఎప్పుడూ వేసేంతే."

"నోట్లో వేసుకుని చూడలేదుగా?"

"ఎలా చూస్తానత్తయ్యా!"

"అసలు దాన్ని ఎలా వండాలో నీకెవరు చెప్పారు?"

మైథిలి ఫోన్లో వంట వీడియో తెరిచింది. మొదట్నుంచీ పెట్టమంది నాగరత్నం. మైథిలి తటపటాయించింది. "మొదట్లో పచ్చిమాంసం చూపిస్తాడత్తయ్యా. చూడలేక రెండు నిమిషాలు ముందుకి జరిపేశాను."

"నువ్వు కళ్ళు మూసుకో. మహీ చూస్తాడు. వాడికి అలవాటేగా."

మహీధర్ బుద్ధిగా ఫోను అందుకుని, విన్నది విన్నట్టు తెలుగులో చెప్పాడు. "ఈ మాంసం వారం రోజులు ఉప్పునీళ్ళలో ఊరినది కాబట్టి, వండే ముందు రాత్రంతా మంచినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోయాలి. వేరే ఉప్పు వేయకూడదు."

నాగరత్నం నుదుటి మీద అరచేత్తో కొట్టుకుంది. "ఊరినదానికి మళ్ళీ ఉప్పా! మాగాయ ముక్క ఉప్పులో ఊరాక మళ్ళీ దోసెడు ఉప్పు పోస్తామా అమ్మాయ్? పాపం ఆ ముసలాయన, మర్యాదస్తుడు కాబట్టి రెండు ముక్కలైనా మింగాడు."

"ఇంకో ముక్క ఉంది," అంది మైథిలి మెల్లగా. "రెండు కొన్నాను. రేపు పండగ, కొట్లు తియ్యరు. ఇది కూడా పాడైతే ఇక..."

"పాడవదు. నేనా షెడ్డులో కాలు పెట్టను. నేను దేన్నీ ముట్టుకోను. నువ్వు తల మీంచి స్నానం చేసిగానీ నా వంటింట్లోకి రావడానికి లేదు. కానీ నేను చెప్పినట్టు చెయ్యి. పెళ్ళయి వచ్చిన్నాటి నుంచీ ఉప్పు చూడకుండా వండుతున్నదాన్ని. దేవుడికి పెట్టకముందు ఒక్కనాడు మెతుకు నాలిక మీద వేసుకోలేదు. నోట్లో వేసుకోకుండా ఉప్పు కనిపెట్టడం నాకు చేతనవును."

ఆ సాయంత్రం ముక్క నీళ్ళలో పడింది. పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి నీళ్ళు మార్చారు. బుధవారం తెల్లారేసరికి మళ్ళీ పొగమంచు. నాగరత్నం స్వెటర్ మీద శాలువా, శాలువా మీద మహీధర్ కోటు కప్పుకుని, షెడ్డుకి పదడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. అక్కణ్ణుంచే అడిగింది, అక్కణ్ణుంచే చెప్పింది.

"నీళ్ళ మీద నురగ తేలుతోందా?"

"లేదత్తయ్యా."

"అయితే పెట్టు. ఉప్పు డబ్బా ఎక్కడుంది?"

"ఇంట్లో."

"అక్కడే ఉండనీ."

గంటలు మెల్లగా నడిచాయి. షెడ్డు తలుపు సందులోంచి ఆవిరి సన్నగా బయటికొచ్చి మంచులో కలిసిపోతోంది. ఏది ఆవిరో ఏది మంచో తెలియని ఆ తెల్లదనంలో, కుర్చీలో కదలకుండా కూర్చున్న అత్తగారు మైథిలికి కలలో మనిషిలా కనిపించింది. నిఖిల ఆకుపచ్చ టోపీ పెట్టుకొచ్చి నానమ్మ కాళ్ళ దగ్గర కాసేపు ఆడుకుని, చలేసి లోపలికి పోయింది. మధ్యాహ్నం మహీధర్ అమ్మకి కాఫీ తెచ్చిచ్చి, ఎవరూ అడక్కుండానే కేబేజీ తరగడానికి కూర్చున్నాడు.

మూడున్నరకి కేబేజీ వేయబోతూ మైథిలి మూత తీసింది.

"వాసన చూడు," అంది నాగరత్నం. "ఉప్పెక్కువుంటే ఆవిరి గొంతులో గీరుతుంది. గీరుతోందా?"

మైథిలి వంగింది. "నాకు తెలియట్లేదత్తయ్యా. వాసనకే నాకు..." అంటూనే బయటికి పరిగెత్తి, గోడ పట్టుకుని నిలబడింది.

వెనక కుర్చీ కిర్రుమంది. మైథిలి తిరిగి చూసేసరికి నాగరత్నం షెడ్డు గుమ్మం దగ్గర ఉంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత కొంగు దించి, కళ్ళు మూసుకుని, ఆ ఆవిరిని నిండా పీల్చింది.

"సరిపోయింది," అంది. "కేబేజీ వెయ్యి. ఇద్దరం స్నానం చేద్దాంలే."

నాలుగున్నరకి పళ్ళెం గోడ దాటింది. ఇవతల మైథిలి పక్కన నాగరత్నం, మహీధర్, నిఖిల వరసగా నిలబడ్డారు. అవతల బెంచీ మీద టామ్, కోటుకి పండగ గుర్తుగా ఆకుపచ్చ షామ్రాక్ ఆకులు గుచ్చుకుని, ఒంటరిగా కూర్చున్నాడు. ఒక ముక్క తిన్నాడు. రెండోది తిన్నాడు. నీళ్ళ గ్లాసు వైపు చూడలేదు. మూడు, నాలుగు. కేబేజీ, బంగాళాదుంప. ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు. ఫోర్కు పింగాణీకి తగిలిన చప్పుడుతో పళ్ళెం ఖాళీ అయింది.

"బ్రీడా చేసినట్టుందా?" మైథిలి ఉండబట్టలేక అడిగేసింది.

టామ్ తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. ఇది చాలా బాగుంది. బ్రీడాది నోట్లో పెట్టలేనంత ఉప్పగా ఉండేది. నానబెట్టేంత ఓపిక ఎప్పుడూ లేదు తనకి. యాభై నాలుగేళ్ళు నీళ్ళు తాగుతూ తిన్నాను." ఆగాడు. "నిన్న నువ్వు పెట్టావే, అదీ, అచ్చం బ్రీడా చేసినట్టుంది. మొదటి ముద్దకే తనొచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఇక దిగలేదు."

"ఏవంటున్నాడే?" నాగరత్నం కోడలి మోచెయ్యి పట్టుకుని కుదిపింది. మైథిలి తెలుగులో చెప్పింది.

నాగరత్నం టామ్ వైపు తిరిగింది. తర్వాత, "ఉప్పెక్కువైందని ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదా, అడుగు," అంది.

మైథిలి అడిగింది. టామ్ నవ్వాడు. జనవరి తర్వాత అతను నవ్వడం వాళ్ళు చూడటం అదే మొదలు. "చెప్తే వండటం మానేసేది," అన్నాడు.

ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి నాగరత్నం కళ్ళు నిండిపోయాయి. ఆరేళ్ళ కిందట పోయిన భర్త గురించి ఆ ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఒక్క మాట ఎత్తని ఆవిడ, గోడ మీద చెయ్యి ఆనించి తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది.

"మీ మామగారూ అంతేనే. నలభై ఒక్క ఏళ్ళు... ఒక్కరోజు కూడా ఉప్పుకి పేరు పెట్టలేదు. నా అంచనా అంత గొప్పదని మురిసిపోయాను. ఎన్నిసార్లు ఎక్కువైందో, ఎన్నిసార్లు చప్పగా ఉందో... అన్నీ తిని లేచిపోయారే, అమ్మాయ్."

మైథిలి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. స్నానం చెయ్యని చేతులని ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. నాగరత్నం ఆ భుజం మీద తలవాల్చి కాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, గోడ అవతలి ఖాళీ పళ్ళెం వైపు చూసింది.

"ఇంకో రెండు ముక్కలు వేసుకుంటాడేమో అడుగు. మొహమాటపడొద్దని చెప్పు."