పన్నెండు సెకన్ల వినాయకుడు

"పదకొండింటికి సైంటిస్ట్ వెంకటసుబ్బారావు గారిని లేపేస్తారు. ఇప్పుడు పది నలభై," అన్నాడు చీఫ్ హనుమయ్య.

అది 2003. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద, ట్రావెల్స్ బోర్డు వెనక నడిచే సీక్రెట్ సెల్. డబుల్ ఏజెంట్ మహెక్ నల్లకళ్ళద్దాలు తీసి, ఒక పెళ్ళి సీడీ, ఒక చీటీ టేబుల్ మీద పెట్టింది. చీటీలో 01:12:20:13.

"గంట, నిమిషం, సెకను, ఫ్రేము. ఆ ఫ్రేములో ఉన్నవాడే షూటర్. పని కాగానే వాణ్ణి ఊరు దాటించమని ముఠా నాకీ చీటీ ఇచ్చిందండీ."

ప్లేయర్‌లో ఉత్త సెకన్లే కనిపిస్తాయి. కొత్తగా చేరిన మణికుమార్ చకచకా కంప్యూటర్‌లో ఒక స్క్రిప్ట్ కొట్టాడు. సెకన్లని గంటలు, నిమిషాలుగా విడదీసి, చుక్క తర్వాతి అంకెల్ని సెకనుకి ఇరవై ఐదు ఫ్రేముల లెక్కన మార్చి టైమ్‌కోడ్ చూపిస్తుందది. 4340.52 దగ్గర బొమ్మ ఆగింది. కూర వడ్డిస్తూ, సైంటిస్టు గారు దిగిన గెస్ట్‌హౌస్ వంటమనిషి!

"మణి గారూ, మీ బుర్రకి దండం పెట్టాలండీ!" అంది మహెక్.

ఏజెంట్ అబ్రహాముకి కడుపు మండిపోయింది. మూడేళ్ళలో తనతో ఒక్క మంచిమాటైనా అనలేదు ఈవిడ. పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫర్ వేషంలో భుజం పడిపోయేలా కెమెరా మోసింది తను. ఆ పెళ్ళి తీసిందీ తనే. పేరు మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన ఈ కుర్రకుంకకి!

పైగా లెక్క తప్పని అబ్రహాముకి తెలుసు. సీడీ అయ్యాక ముఠా తన దగ్గర కొట్టేసింది కెమెరాలో తీసిన అసలు క్యాసెట్‌ని. ఆ చీటీ దాని లెక్కే. సీడీ మంగళగిరిలో మిక్సింగ్ అయింది. అక్కడ ఏ పెళ్ళికైనా ముందు వినాయకుడి బొమ్మ, పన్నెండు సెకన్ల పాట అతికిస్తారు.

హనుమయ్య హనుమాన్ జంక్షన్ గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసి వంటమనిషిని పట్టుకోమన్నాడు.

పట్టుకోనీ. కుర్రాడి పరువు గంగలో కలవనీ. అబ్రహాము నోరు మెదపలేదు. పది యాభై అయింది. యాభై నాలుగైంది. గెస్ట్‌హౌస్ నుంచి సైంటిస్టు గొంతు స్పీకర్‌లో వినిపించింది: "చాలా థాంక్సండీ. ఇక కారెక్కుతున్నా. పాప పుట్టినరోజు, త్వరగా ఇంటికెళ్ళాలి."

అబ్రహాము స్పీకర్ దగ్గరికి దూకాడు. తన ఏడుపు తను ఏడవొచ్చు గానీ, ఆ పాపని ఏడిపించకూడదు.

"ఎక్కకండి సార్!" అని అరిచాడు. "మణీ, పన్నెండు సెకన్లు కలుపు! ముందున్న వినాయకుణ్ణి లెక్కలో వదిలేశావ్!"

4352.52. తెర మీద కట్నం చదివిస్తున్న సైంటిస్టు, వెనకే ఆయన కారు డ్రైవర్ నాగబాబు.

పది యాభై తొమ్మిదికి గెస్ట్‌హౌస్ గార్డులు నాగబాబుని స్టీరింగ్ ముందు నుంచి కిందికి లాగారు. సీటు కింద పిస్తోలు దొరికింది.

"శభాష్ మణికుమార్!" హనుమయ్య కుర్రాడి భుజం తట్టాడు. "ఆ పన్నెండు కూడా స్క్రిప్ట్‌లో కలిపెయ్."

"కలిపేశానండీ."

అబ్రహాము వంగి చూశాడు. మొదటి లైన్లో తన పేరు, ఈక్వల్ టు, పన్నెండు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో డిపార్ట్‌మెంట్ తన విలువ కట్టడం అదే మొదటిసారి.