అమ్మ అనని మాట

ఆ పాట ఆ ఇంట్లోకి కొడుకు నోటివెంట రాలేదు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన కాలేజీ అమ్మాయి ఫోనులోంచి వచ్చింది! ఆ అమ్మాయి ఫోను కత్తెర పక్కన పెట్టి, పాటకు తగ్గట్టు కాలు ఆడిస్తూ నిలబడింది. ఆ ఇంటి ఇల్లాలు, అంటే ఆ వీధి మొత్తానికి దర్జీ, ఆ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, అంచు మడుస్తోంది.

"అమ్మ చెప్పమంది నాన్నతో... దీపం ఆర్పమని,
నాన్న చెప్పమన్నాడు అమ్మతో... గడియ వెయ్యమని,
మధ్య గదిలో నేను... మాటలు మోసే నేను..."

కన్నకొడుకు గొంతు గుర్తుపట్టడానికి తల్లికి ఎంతసేపు కావాలి? అయినా నోట్లోని సూదులు తీసి, తెలియనట్టే అడిగింది.

"ఎవరిదమ్మా ఈ పాట?"

"అయ్యో, టపా తెలీదా ఆంటీ! ఇప్పుడెక్కడ విన్నా అతని 'నాన్నతో చెప్పు' పాటే కదా! వాళ్ళమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకునేవాళ్ళు కాదట. మాటలన్నీ ఇతనే అటూ ఇటూ చేరవేసేవాడట, పాపం... నాకైతే విన్నప్పుడల్లా ఏడుపొచ్చేస్తుంది!"

దర్జీకి ఏడుపు రాలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. పాట అక్కడితో ఆగిపోయినా బాగుండేది! ఆగలేదు.

"అమ్మ అనని మాట నాన్నకి చెప్పా,
నాన్న అనని మాట అమ్మకి చెప్పా,
నా మొదటి పాటలు అవేనమ్మా...
ఎవ్వరూ అడగని పాటలమ్మా..."

అనని మాటా...? చేతిలో గుండుసూది వేలికి దిగింది. "అంటే కల్పించి చెప్పేవాడన్నమాట! ఎంత మంచివాడో!" అంది ఆ అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. ఆ ప్యాంటు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయింది. ఆ దర్జీ చేతిలో అంతకుముందు అలాంటి తప్పు ఒక్కసారే జరిగింది. అసలు కథంతా ఆ ఒక్కసారితోనే మొదలైంది.

పెళ్ళైన కొత్తల్లో, బస్సు డ్రైవరైన భర్తకు ఆమె ముచ్చటపడి ఒక కోటు కుట్టింది. డిపోలో విందుకు అతను అది తొడుక్కుని వెళ్ళాడు. కుడిచెయ్యి మణికట్టు పైనే ఆగిపోయింది! తోటి డ్రైవర్లు నవ్వారు. వాళ్ళతోపాటు అతనూ నవ్వి, "మా ఆవిడ కొలత తియ్యదు, ఊహించుకుంటుంది" అన్నాడు, అందరి ముందూ, ఆమె పక్కనే ఉండగా. ఇంటికొచ్చాక ఆమె "ఇక మీతో మాట్లాడితే ఒట్టు" అంది. "నాకూ అంతే!" అన్నాడతను. రెండు రోజుల్లో కరిగిపోవలసిన కోపం. కానీ ముందు ఎవరు మాట్లాడాలి? ఆమెకు పట్టుదల, అతనికి బింకం. తలా తోకా లేని ఆ తగువు ఇంట్లో ఒక అలవాటైపోయింది. అప్పటికే కడుపులో ఉన్న పిల్లవాడు పుట్టి, మాటలు నేర్చి, నేర్చిన మాటలన్నీ వాళ్ళిద్దరికీ మోయడం మొదలుపెట్టాడు.

"మీ నాన్నతో చెప్పు, చొక్కా బొత్తాం ఊడిందని." "మీ అమ్మతో చెప్పు, ఊడిందని నాకూ కళ్ళున్నాయని." వాడు ఈ గదిలోంచి ఆ గదిలోకీ, ఆ గదిలోంచి ఈ గదిలోకీ! వాడి మేనత్త, డ్రైవరుకు అక్క, అది చూసి "వీడు కొడుకు కాదే, టపా!" అంది. ఆ పేరే నిలిచిపోయింది. పాటలు పాడేవాడయ్యాక కూడా వాడు ఆ పేరే పెట్టుకుంటే, "టపా కట్టేసినట్టు అదేం పేరురా!" అని గగ్గోలు పెట్టింది కూడా ఆవిడే.

వాడు పైకి రావడం ఒక్కరోజులో జరగలేదు. మొదట హోటళ్ళలో పాడేవాడు. చెంచాల చప్పుడులో, మనుషుల నవ్వుల్లో, ఎవరూ తలెత్తి చూడని మూలన నిలబడి, ఎవరో రాసిన పాటలు. తన పాటలు మాత్రం అమ్మ కుట్టుగదిలో రికార్డు చేసుకునేవాడు. స్కూలు యూనిఫారాల గుడ్డ గోడల నిండా పేర్చి ఉండేది కనుక ఆ గదిలో గొంతు మారుమోగేది కాదట. "అమ్మా, ఒక్క పాటంతసేపు మిషను ఆపమ్మా!" అని బతిమాలేవాడు. ఆమె మిషను పెడలుమీద కాళ్ళు కదలకుండా పెట్టుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తూ కూర్చునేది. పనికి ఆలస్యమవుతోందని ఒక్కసారీ అనలేదు. ఆ పాటలు ఫోనుల్లో పాకాయి. రికార్డింగు కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. వాడు గిటారు భుజాన వేసుకుని ఊరికి ఆ చివర స్టూడియో దగ్గర గదిలోకి మారిపోయాడు. కొన్నాళ్ళకు వాడి బొమ్మ వాళ్ళ నాన్న నడిపే బస్సు వెనకే అంటించారు! డ్రైవరు రోజూ పొద్దున్నే డిపోలో టైర్లు చూసుకుని, చివర్లో ఒకసారి వెనక్కి వెళ్ళి, కొడుకు ముఖంమీది దుమ్ము తుడిచి బండెక్కేవాడు. ఎవరైనా చూస్తున్నారంటే నంబరు ప్లేటు తుడుస్తున్నట్టు వంగేవాడు.

టపా వెళ్ళిపోయాక ఇంట్లో మాటలకు దారి లేకపోయింది. ఇద్దరూ గాలితో మాట్లాడటం నేర్చుకున్నారు. "ఎవరికైనా టీ కావాలంటే పొయ్యిమీద ఉంది." "ఎవరైనా తలుపు తీసిపెడితే దోమలొస్తాయి." గోడలు విని ఊరుకునేవి.

ఇప్పుడు ఆ ఇంటి గుట్టు ఊరంతా పాడుకుంటోంది! మధ్యాహ్నానికి వదినగారు, ఆ పేరు పెట్టిన మేనత్తే, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ఊడిపడింది.

"ఏమే మరదలా, విన్నావా నీ కొడుకు ఘనకార్యం? ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! మార్కెట్లో కూరలమ్మే ఆవిడ నన్నాపి 'మాటల్లేని ఇల్లు మీ తమ్ముడిదేనటగా' అంటుంటే, తల ఎక్కడ పెట్టుకోను?" అంటూనే ఫోను తీసి మేనల్లుడికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"అత్తా! అమ్మ ఉందా?"

"ఉందిరా, నువ్వు ఉంచితే కదా! ముఖం చెల్లక మూల కూర్చుంది!"

తల్లి ఫోను అందుకుంది. "నీకేం తక్కువ చేశాన్రా... లోకంలో పాటకి ఇంకేం దొరకలేదా? చందమామ లేదా? వాన లేదా? మీ అమ్మ మొండితనమే దొరికిందా నాన్నా..."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నాకు తెలిసింది అదేనమ్మా... వానలో నేనెప్పుడు తడిశాను? ఈ గదికీ ఆ గదికీ మధ్యే కదా పెరిగాను! నీకు కష్టమైతే ఆ పాట ఇక పాడను. ఆదివారం సాయంత్రం నా మొదటి పెద్ద ప్రోగ్రాం. జనం వచ్చేది ఆ పాట కోసమే. అయినా సరే, నువ్వొద్దంటే నోరెత్తను. నువ్వూ నాన్నా మాత్రం రండి... ముందు వరసలో రెండు కుర్చీలు పక్కపక్కన పెట్టించాను."

"పాడొద్దు" అంది ఆమె.

"సరేనమ్మా. నాన్నతో చెప్పు... రమ్మని. ఈసారి చెప్పడానికి నేను లేనుగా" అన్నాడు.

వదినగారు వెళ్ళిపోయింది. మిషను ముందు ఆమె ఒక్కతే మిగిలింది. పరువు సంగతి ఆమెకు అప్పటికే వెనకబడిపోయింది. ఆమెను తొలుస్తున్నది వేరే.

తన తల్లి పోయినరోజు ఆమె ఈ గదిలోనే, ఈ మిషనుమీదే తల వాల్చి పడి ఉంది. టపా అప్పుడు చిన్నవాడు. నీళ్ళ గ్లాసుతో వచ్చి, ఆమె చెవి దగ్గర, "అమ్మా, నాన్న చెప్పమన్నాడు... 'ఎవరూ లేరనుకోవద్దు, నేనున్నాను కదా' అని" అన్నాడు. ఆ ఒక్క మాటమీద ఆమె ఇన్నేళ్ళు బతికింది! పుట్టింటికి పోదామని సంచి సర్దుకున్న రోజు అది గుర్తొచ్చి మళ్ళీ బట్టలు బయటికి తీసింది. మనిషి మొండివాడే, కానీ లోపల ఉంది... ఉందనే కదా ఆ మాట పంపాడు! మరి అది ఎవరి మాట? భర్తదా? కొడుకు కట్టిన పాటా?

కొడుకును అడిగి లాభం లేదు. అమ్మ బాధపడుతుందని వాడు మళ్ళీ తీయగా అబద్ధమే చెబుతాడు! అడగవలసింది ఒక్కరినే. ఆ ఒక్కరితో మాట్లాడితే ఒట్టు.

పొద్దు వాలుతుండగా డ్రైవరు ఇంటికొచ్చాడు. బస్సులో ఆ పాట అతనూ విన్నాడు. వెనక సీట్లో ఎవరో పెడితే, బస్సు సగం గొంతు కలిపిందట! బూట్లు విప్పుకుంటూ తలెత్తేసరికి, భార్య ఎదురుగా నిలబడి ఉంది.

"ఏవండీ..."

అతని చేతిలో బూటు జారి కిందపడింది. ఆ పిలుపు అతను మరిచిపోయి చాలాకాలమైంది.

"మా అమ్మ పోయినరోజు... 'నేనున్నాను కదా' అని టపాతో చెప్పి పంపింది మీరేనా? అబద్ధం చెప్పకండి. నా ముఖం చూసి చెప్పండి!"

అతను ముఖం చూశాడు. అవునంటే ఎంత తేలిక! అబద్ధమాడటం చేతకాని మనిషి.

"కాదు" అన్నాడు.

ఆమె గోడ పట్టుకుంది. "కాదా...! అయితే నేనిన్నేళ్ళూ..."

"ఆరోజు నువ్వు ఏడుస్తుంటే, నీళ్ళు పట్టుకుని ఆ తలుపు బయటే నుంచున్నాను" అన్నాడు అతను, నేల చూస్తూ. "లోపలికి రావాలనే వచ్చాను. కాలు కదల్లేదు. వాడొచ్చి 'అమ్మతో ఏం చెప్పను నాన్నా?' అన్నాడు. నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడలేదు. నా వంకా గ్లాసు వంకా చూసి, గ్లాసు లాక్కుని లోపలికి పోయాడు. ఏం చెప్పాడో నాకు తెలీదు. నీళ్ళు నావి, మాట వాడిది."

"మీకు తెలీదా... వాడు మాటలు మారుస్తున్నాడని?"

"ఎందుకు తెలీదు! 'అమ్మ దయచేసి తొందరగా రమ్మంది' అనేవాడు. దయచేసి అనే మనిషివా నువ్వు?" అని, ఏడవలేక నవ్వాడు. "తెలిసే ఊరుకున్నాను. వినడానికి బాగుండేది."

"నన్ను మాత్రం అబద్ధంమీద బతకనిచ్చారు!" ఆమెకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. "ఒక్కసారి... ఒక్కసారి మీ నోటితో చెబితే మీ సొమ్మేం పోయింది? చెప్పండి! ఇప్పుడు చెప్పండి!"

అలవాటు కొద్దీ అతను గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడి "ఏం చెప్పను నాన్నా" అనేవాడు ఎవరూ లేరు. లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. ఈసారి గడప దాటి, మిషను దాకా వచ్చి, కుట్టుతున్న గుడ్డమీద తొణుకుతుందేమోనని జాగ్రత్తగా పక్కకు జరిపి పెట్టాడు.

"నేను... ఉన్నాను కదా" అన్నాడు, తర్వాతి స్టాపు పేరు చెప్పినట్టు.

ఆమె వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే ఆ నీళ్ళు తాగింది. అతను కదలకుండా అక్కడే నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, "ఆదివారం వాడు రమ్మన్నాడు. బీరువాలో కోటుంది. చెయ్యి ఎప్పుడో పొడుగు చేశాను. తొడుక్కుని చూస్తేగా!" అంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో కోటు వేసుకుని డ్రైవరు, పక్కన దర్జీ, వెనక కుర్చీలో నోరు మూయని వదినగారు. వేదికమీద వెలుగులో టపా మరీ సన్నగా కనిపించాడు. ఒకటి తర్వాత ఒకటి పాడుతూనే ఉన్నాడు. జనం మాత్రం "నాన్నతో చెప్పు! నాన్నతో చెప్పు!" అని అరవడం మొదలుపెట్టారు.

టపా గిటారుమీద చెయ్యి ఆపాడు. "ఆ ఒక్కటీ అడక్కండి. పాడనని ఒకరికి మాటిచ్చాను" అన్నాడు. జనం ఉసూరుమన్నారు. వాడు తలొంచుకుని, ఇంకో పాటకు తీగ సవరించుకుంటున్నాడు.

తల్లి అది చూసింది. మిషను ఆపమని బతిమాలిన ముఖమే అది! భర్త మోచెయ్యి పట్టుకుని లాగింది.

"వాడితో చెప్పండి... పాడమని."

డ్రైవరు లేచి నిలబడ్డాడు. ట్రాఫిక్కులో తెరిచిన గొంతు అది, మైకు అక్కర్లేదు.

"ఒరేయ్ టపా! మీ అమ్మ పాడమంటోందిరా! చిక్కిపోయావంటోంది! వేళకి తింటున్నావా అంటోంది! నిన్ను చూస్తే గర్వంగా ఉందంటోందిరా!"

హాలంతా గొల్లున నవ్వింది. వేదికమీద కొడుకు రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. దర్జీ సిగ్గుతో కుంచించుకుపోయి, కోటు అంచు పట్టుకుని భర్తను కిందకు లాగింది.

"అవన్నీ నేనెప్పుడన్నానండీ!"

"అనలేదులే" అన్నాడు అతను, కూర్చుంటూ.