పీపాలోకి ఒక కేక

"ఇంత పెద్ద స్టీలు డ్రమ్ము మీకెందుకండీ?" అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి.

ఔడున్‌కి ఒళ్లు మండింది. బీరు కాయడం మీద మూడు పుస్తకాలు బట్టీపట్టి మరీ బెర్గెన్ నగరం నుంచి మొన్న వోస్‌లోని బామ్మ ఇంటికి, ఇవాళ ఈ బీరు సామాన్ల షాపుకి వచ్చాడు. పన్నెండు రోజుల్లో చెల్లెలి పెళ్లి. ఇంట్లో కాచిన బీరు లేకపోతే పెళ్లి విందుకే రానని బామ్మ భీష్మించుకుంది. కాచే తాతేమో పోయి నాలుగేళ్లయింది. ఆ బరువంతా ఇప్పుడు ఔడున్ నెత్తిన పడింది.

"బీరు పులియబెట్టడానికి. గాలి గొట్టం, తేటపడటానికి జెలటిన్ కూడా ఇవ్వండి."

"ఇంట్లో పీపా లేదా?"

"ఉంది. మా తాతది, పాత చెక్కది."

"మరి ఈస్టు?"

"అదీ మీరే ఇవ్వాలి. తాత సామాన్లన్నీ నిన్ననే శుభ్రం చేశాను. అటక మీద చెక్క ముక్కలు గుచ్చిన దండొకటి ఉంది. నిండా మట్టి! వేడినీళ్లలో సబ్బేసి తోమితే తళతళలాడిపోతోంది."

ఆ అమ్మాయి చేతిలోని గరాటు కిందపడింది.

"సబ్బుతోనా? అది మట్టి కాదు మహానుభావా, ఈస్టు! కాచిన ప్రతిసారీ దండకి పట్టించి ఎండబెడతారు. మీ ముత్తాతల నాటిది. నిక్షేపంలా ఉన్నదాన్ని తూములో కలిపేశారు!"

ఔడున్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బామ్మకి తెలిస్తే నన్ను ఆ పీపాలోనే ఊరేస్తుంది," అని గొణిగాడు.

ఆమె ఫక్కున నవ్వింది. బయట వాన దంచికొడుతోంది, ఇతగాడికి మాత్రం ఆ నవ్వే వినబడింది.

"ఏ ఇల్లు మీది?"

"సరస్సు అవతల, ఎర్ర గాదె ఉన్న ఇల్లు."

"ఓరి దేవుడా! హెల్గే తాత మనవడివా నువ్వు?" మీరు కాస్తా నువ్వయిపోయింది. "మా ఇంట్లో ఈస్టు పాడైనప్పుడు మా నాన్న మీ తాత దగ్గరే తెచ్చుకున్నాడు. కాబట్టి మీ ఈస్టు మా అటక మీద క్షేమంగా ఉంది. నా పేరు సున్నీవా. రేపు పట్టుకొస్తాను. ఆ డ్రమ్మూ జెలటినూ ఏవీ వద్దు."

"మరి బీరు తేటపడొద్దూ?"

"చల్లటి నేలమాళిగలో కదపకుండా వదిలేస్తే అదే తేటపడుతుంది. రోజూ మూత తీసి తొంగిచూడకుండా ఉండగలవా?"

ఉండగలనని ఒట్టేశాడు.

మర్నాడు సున్నీవా వచ్చేసరికి మొలకెత్తిన బార్లీతో కాచిన మాల్ట్ కషాయం పీపాలో పొగలు కక్కుతోంది. కాసేపాగి ఔడున్ థర్మామీటర్ ముంచాడు.

"ముప్పై తొమ్మిది డిగ్రీలు! ఇప్పుడే వెయ్యకు, ఈస్టు చచ్చిపోతుంది!"

"మీ తాత ఈస్టు వేడికి చావదు. సబ్బుకే చస్తుంది," అంటూ ఆమె డబ్బాలో తెచ్చిన ఈస్టంతా వేసేసింది. "ఊఁ, ఇక కేక వెయ్యి."

"కేకేంటి?"

"ఈస్టు వేసినవెంటనే పీపాలోకి గట్టిగా అరవాలి. లేకపోతే బీరుకి బలం రాదు. మీ తాత అరిస్తే మా ఆవులు బెదిరేవట."

ఔడున్ పీపా మీదికి వంగి, "ఓ..." అన్నాడు.

"దీనికి పిల్లి కూడా నిద్రలేవదు! మనసులో ఏముంటే అది అరిచెయ్."

మనసులో ఏముందో అతనికి నిన్నట్నుంచీ తెలుసు. ఇప్పుడు చెప్పకపోతే ఈమె ఖాళీ డబ్బా తీసుకుని ఇంటికెళ్లిపోతుంది. తర్వాత ఏ గొట్టం కొనే వంకతో మళ్లీ షాపుకి వెళ్లాలో కూడా తోచలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"సున్నీవా! నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం! పెళ్లికి నా పక్కన కూర్చుంటావా?"

పీపా గుయ్యిమని మోగింది. సున్నీవా చెవులదాకా ఎర్రబడింది.

"ఏదో ఒకటి చెప్పమ్మాయ్!" పక్కగదిలోంచి బామ్మ గొంతు. "వాడు మళ్లీ అరిస్తే నా గుండె ఆగేలా ఉంది!"

సున్నీవా అతన్ని పక్కకి తోసి, తానూ పీపా మీదికి వంగింది.

"కూర్చుంటాను! కానీ నువ్వు మూత మాత్రం తియ్యకూడదు!"

నిజంగానే తియ్యలేదు. పదకొండు రోజులూ ఔడున్ నేలమాళిగ మెట్ల మీద గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పెళ్లినాడు బామ్మ మొదటి గ్లాసు కిటికీ వెలుగుకెత్తి చూసింది. గ్లాసులోంచి అవతలున్న కొండ స్పష్టంగా కనబడింది. ఒక గుటక వేసి, కళ్లు తుడుచుకుంది.

"ఆయన బీరే," అని వెళ్లి విందు బల్ల దగ్గర కూర్చుంది.

తర్వాత సున్నీవాని పిలిచి, కొత్త ఈస్టు పట్టించిన దండని ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇది ఇకమీదట నీ దగ్గరే ఉండనీ తల్లీ. సబ్బు వాసన నేను ఆరోజే పసిగట్టాను. వీడి చేతికి మాత్రం అందనివ్వకు."